గురుకులం పిల్లలకు లైఫ్ స్కిల్స్: గంట కొట్టని పనులు కొన్ని ఉండాలి

నమస్తే మేడమ్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాలికల గురుకులంలో కొత్తగా చేరారు. ఏడు, ఎనిమిది తరగతులకు హౌస్ టీచర్ బాధ్యత, అంటే బడి వేళ తర్వాత హాస్టల్లో వాళ్ల బాగోగులు చూసే పని ఇచ్చారు. ఈ ఏడాదికి పర్సనాలిటీ డెవలప్‌మెంట్, లైఫ్ స్కిల్స్ కార్యక్రమం తయారు చేయమని మీ ప్రిన్సిపల్ అన్నారు. ఈలోగా ఒక ప్రైవేటు ట్రైనింగ్ సంస్థవాళ్లు వచ్చి రెండు రోజుల క్యాంపు పెడతామన్నారు. దానికి ఒప్పుకోవాలా, మీరే ఏదైనా మొదలుపెట్టాలా, పెడితే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను తెలంగాణ బాలికల గురుకులాల్లో 23 ఏళ్లు తెలుగు చెప్పాను. అందులో 16 ఏళ్లు హౌస్ టీచర్‌ని. జవాబు ముందే చెప్పేస్తాను. క్యాంపు పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా మీ కార్యక్రమం మాత్రం అది కాదు. సాయంత్రం బడి వదిలిన దగ్గర్నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా, ఇంకా ఆదివారం పొద్దంతా, డార్మిటరీలో, మెస్సులో, నల్లాల దగ్గర జరిగేదే అసలు క్లాసు. ఆ టైములో పిల్లలు సొంతంగా తేల్చుకోవలసిన పని ఒక్కటైనా ఉందా అని చూడండి. చాలా చోట్ల ఉండదు. మా దగ్గరా చాలా ఏళ్లు లేదు.

అది నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్తాను. మా దగ్గర ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివిన ఒక అమ్మాయికి హైదరాబాద్‌లో డిగ్రీ సీటు వచ్చింది. మంచి మార్కులు, నెమ్మదైన పిల్ల, ఒక్కనాడు కూడా మాట పడలేదు. కాలేజీలో చేరడానికి వెళ్లిన రోజు పదకొండు గంటలకు నాకు ఫోన్ చేసింది. తొమ్మిదింటికే ఎంజీబీఎస్‌లో దిగిందట. రెండు గంటలుగా బ్యాగు పక్కన పెట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "ఏ బస్సెక్కాలో తెలియట్లేదా?" అన్నాను. "అది కాదు మేడమ్, ఎవర్ని అడగాలి?" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. చుట్టూ వందలమంది జనం, ఎంక్వైరీ కౌంటర్, కండక్టర్లు. వీళ్లలో ఎవర్నైనా అడగవచ్చని ఆ పిల్లకు తెలియదు. మా స్కూల్లో ఏది అడగాలన్నా ముందు లీడర్‌కి, లీడర్ హౌస్ టీచర్‌కి, హౌస్ టీచర్ ప్రిన్సిపల్‌కి చెప్పాలి. ఎనిమిదేళ్లు అలాగే పెరిగింది. పొద్దున్న లేవడానికి గంట, స్నానానికి గంట, తినడానికి గంట, చదవడానికి గంట, పడుకోవడానికి గంట. గంట కొట్టని చోటుకి వెళ్లేసరికి కాళ్లు కదల్లేదు. ఆ అమ్మాయి కాండక్ట్ సర్టిఫికెట్‌లో క్రమశిక్షణ చాలా బాగుందని రాసింది నేనే.

గంట వద్దని నేను అనడం లేదు. 600 మంది పిల్లలున్న చోట గంట లేకపోతే టిఫిన్ కూడా అందరికీ అందదు. 1971లో పీవీ నరసింహారావుగారి చొరవతో సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టినప్పటి నుంచి ఈ బడులు పేద ఇళ్ల పిల్లలకు మూడు పూటలా తిండి, ఒక పద్ధతి, మంచి చదువు ఇస్తూ వచ్చాయి. అది చిన్న సంగతి కాదు. కానీ చెప్పిన పని చేయడం వేరు, ఏం చేయాలో తానే తేల్చుకోవడం వేరు. రెండోది కూడా రోజూ చేస్తేనే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో బడి పిల్లలకు పది జీవన నైపుణ్యాలు చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం, మాట్లాడటం, ఎదుటివాళ్ల బాధ తెలుసుకోవడం, టెన్షన్‌ను తట్టుకోవడం లాంటివి. ఏ ట్రైనింగ్ మాడ్యూల్ తెరిచినా ఆ పదీ కనిపిస్తాయి. మీరు వాటిని చార్టు మీద రాసి గోడకు అంటించవచ్చు, తప్పులేదు. మా గోడ మీద కూడా ఉండేది. ఆ చార్టు కిందే నడిచి వెళ్లిన పిల్లే ఎంజీబీఎస్‌లో నిలబడిపోయింది.

ఆ ఫోన్ తర్వాత మేం చేసిన మొదటి పని డబ్బుతో మొదలైంది. కాస్మెటిక్ చార్జీల సంగతి మీకు తెలుసు, సబ్బు, నూనె, పేస్టు లాంటి వాటికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు. మా స్కూల్లో అప్పట్లో నగదుగా చేతికి ఇచ్చేవాళ్లం. పిల్లలు సంతకం పెట్టి తీసుకునేవాళ్లు. తర్వాత వాళ్ల తరఫున మేమే లిస్టు రాసి, మేమే హోల్‌సేల్ షాపులో తెప్పించి పంచేవాళ్లం. పిల్లలకు మిగిలేది సంతకం ఒక్కటే.

దాన్ని మార్చాం. ఏడో తరగతి పిల్లల్ని పన్నెండు మంది చొప్పున జట్లు చేశాం. ప్రతి జట్టుకీ ఒక నోటుబుక్కు. నెల మొదటి ఆదివారం వరండాలో కూర్చుని ఎవరికి ఏం కావాలో వాళ్లే రాసుకోవాలి, ధరలు కనుక్కోవాలి, జట్టు నుంచి ఇద్దరు కేర్‌టేకర్‌తో కలిసి వెళ్లి కొనుక్కురావాలి, సాయంత్రం లెక్క చదివి వినిపించాలి. అంతే.

మొదటి నెలే ఒకమ్మాయి తన డబ్బులో చాలావరకు క్లిప్పులకు, రబ్బరు బ్యాండ్లకు పెట్టేసింది. ఒంటి సబ్బు రాసుకోలేదు. జట్టులో వాళ్లు చెప్తే "ఇంట్లోంచి తెచ్చింది ఉంది" అంది. అది నాలుగు రోజుల్లో అయిపోయింది. నా దగ్గర స్టోర్‌లో సబ్బులున్నాయి. ఇచ్చేద్దామని రెండుసార్లు తాళం తీసి మళ్లీ వేశాను. మూడో రోజు సాయంత్రం నల్లాల దగ్గర చూస్తే, పక్క మంచం పిల్ల తన సబ్బుకి కుట్టుదారం చుట్టి, రెండు కొసలూ పట్టి లాగి, సరిగ్గా సగానికి కోస్తోంది. కోసిన సగం ఆ అమ్మాయికిచ్చి, "వచ్చే నెల నీ సబ్బులో సగం నాది" అంది. రెండో నెల నోటుబుక్కులో ఆ అమ్మాయి పేరు పక్కన మొదటి వరుసలోనే "సబ్బులు 2" అని ఉంది. అందులో ఒకటి తిరిగి ఇవ్వడానికి.

ఈ ఒక్క సంఘటనలో ఆ పదింటిలో ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి. నేను ఆ తాళం తీసి సబ్బు ఇచ్చి ఉంటే ఒక్కటీ ఉండేది కాదు. హౌస్ టీచర్‌కి అన్నిటికంటే కష్టమైన పని ఇదే మేడమ్. పిల్ల ఒంటికి, మనసుకి ప్రమాదం లేని చిన్న తప్పుల్లో చేయి అడ్డుపెట్టకుండా పక్కనే ఉండటం. మీ దగ్గర నగదు ఇవ్వకుండా కిట్లే వస్తుంటే ఇదే పని వేరే దానితో చేయవచ్చు. ఆదివారం సినిమా ఏది వేయాలో, జట్టుకిచ్చిన గార్డెన్ మడిలో ఏం నాటాలో, గదిలో ఎవరు ఏ రోజు ఊడవాలో వాళ్లనే తేల్చమనండి. తేలాక మీరు మార్చకూడదు. అది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మెస్ కమిటీ మీ స్కూల్లో కాగితం మీద ఉండే ఉంటుంది. దానికి నిజంగా పని ఇవ్వండి. పొద్దున్న కూరగాయలు, పాలు దిగినప్పుడు ఇద్దరు పిల్లలు కాంటా దగ్గర నిలబడి తూకం చూసి రిజిస్టర్‌లో రాయాలి. పప్పు నీళ్లగా ఉందని వాళ్లు రాస్తే ఆ వారంలోనే జవాబు రావాలి. రెండుసార్లు రాసినా ఎవరూ పట్టించుకోకపోతే మూడోసారి రాయరు, ఇంకెప్పటికీ రాయరు.

ఇప్పుడు ఐదో తరగతి పిల్లల సంగతి. మీకు అప్పగించింది ఏడు, ఎనిమిది తరగతులే అయినా ఇది మీ పిల్లలకే సంబంధించింది, ఎందుకో చెప్తాను. జూన్‌లో వచ్చే ఆ చిన్నపిల్లల్ని చూడండి. ట్రంకు పెట్టె తాళంచెవి దారానికి కట్టి మెళ్లో వేసుకుంటారు. నిద్రలో కూడా దాన్ని గుప్పిట్లో పట్టుకునే ఉంటారు. మొదటి నెలలో రాత్రి ఏడుపులు, అన్నం తినకపోవడం, పక్క తడపడం ఉంటాయి.

ఇక్కడ నేను ఒక పెద్ద తప్పు చేశాను. హౌస్ టీచర్‌గా నా రెండో ఏడాది. రోజూ పక్క తడుపుతున్న ఒక పిల్లను పొద్దున్నే వరుసలో అందరి ముందు కోప్పడ్డాను. సిగ్గుపడితే మానేస్తుందనుకున్నాను. నిజంగానే ఆగింది. నేను గెలిచాననుకున్నాను. మూడు వారాలకు ఆ పిల్లకు జ్వరం, పొత్తికడుపులో నొప్పి. స్టాఫ్ నర్స్ నెమ్మదిగా అడిగితే బయటపడింది. మధ్యాహ్నం భోజనం తర్వాత నుంచి మంచినీళ్లు తాగడం మానేసిందట. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. పదేళ్ల పిల్ల. నా మాటకు భయపడి, ఆ ఎండల్లో నీళ్లు తాగకుండా ఉండగలిగింది. ఆ పిల్ల ముఖం నాకు ఇవాళ్టికీ గుర్తుంది.

తర్వాత మేం పెట్టుకున్న పద్ధతి "అక్క". ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక్కొక్కరికి ఐదో తరగతి పిల్లలు ఇద్దరు. అక్క అంటే లీడర్ కాదు, కంప్లైంట్ రాసే మనిషి కాదు. రాత్రి పడుకునే ముందు ఒకసారి బాత్‌రూమ్‌కి తోడు తీసుకెళ్తుంది, జడ వేస్తుంది, ఇంటి మీద బెంగపడితే పక్కన కూర్చుంటుంది. తడిసిన దుప్పటి ఎవరికీ తెలియకుండా ఎలా ఆరేయాలో కూడా అక్కకే తెలుసు. ఎనిమిదో తరగతి పిల్లల్లో వచ్చిన మార్పు చూసి నేను ఆశ్చర్యపోయాను. నోట్లో నాలుక లేని పిల్లలు కూడా తమ చెల్లెళ్ల కోసం నా గదికొచ్చి మాట్లాడేవాళ్లు.

అక్కలకు ముందు నాలుగు సాయంత్రాలు శిక్షణ ఇవ్వండి. ఎక్కువ నేర్పక్కర్లేదు. విన్నప్పుడు మధ్యలో అడ్డు రాకూడదు. "ఇంతదానికే ఏడుస్తావా" అనకూడదు. అన్నిటికంటే ముఖ్యం, "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకూడదు. "నీకు సాయం చేయగలిగిన పెద్దవాళ్లకు మాత్రమే చెప్తాను" అనాలి. ఈ వాక్యం పిల్లల చేత పది పదిహేనుసార్లు అనిపించండి. ఎవరైనా ఒంటి మీద చేయి వేశారనో, ఇంటి దగ్గర ఏదో జరిగిందనో ఒక పిల్ల చెప్తే ఆ అక్క నేరుగా మీ దగ్గరకు రావాలి. అక్కణ్నుంచి బరువు మీది. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసిన వాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే అదే నేరం. స్కూలు పరువు, ఇంకొకరి ఉద్యోగం అని ఎవరెన్ని చెప్పినా వినకండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, మానసిక ఇబ్బందులకు 14416 టెలీ మానస్. ఈ రెండు నంబర్లూ డార్మిటరీలో పిల్లల కంటికి ఎదురుగా ఉండాలి, ఆఫీసు నోటీసు బోర్డు మీద కాదు. ఫోన్ చేసుకునే వీలు కూడా ఉండాలి.

ఇక బయటి ప్రపంచం. తొమ్మిదో తరగతి నుంచి దీన్ని కలపండి. నవోదయ విద్యాలయాల్లో ఒక ఏర్పాటు ఉంది. తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మందిని ఒక ఏడాది పాటు వేరే భాష మాట్లాడే ప్రాంతంలోని నవోదయకు పంపిస్తారు. మన పిల్లలు హిందీ నేల మీద ఏడాది బతికి వస్తారు. ఆ ఏడాది నేర్పేది ఏ క్యాంపూ నేర్పలేదు. మనకు అంత పెద్ద ఏర్పాటు చేతిలో లేదు. చిన్నది చేసుకోవచ్చు.

మేం చేసింది ఇది. నలుగురు పిల్లలు ఒక జట్టు. ప్రిన్సిపల్ అనుమతి, తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకుంటాం. శనివారం మండల కేంద్రానికి వెళ్లాలి. పోస్టాఫీసులో సేవింగ్స్ ఖాతా ఎలా తెరవాలో అడిగి, ఫారం తెచ్చి నింపాలి. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరు మీద తామే ఖాతా నడుపుకోవచ్చు, 500 రూపాయలుంటే చాలు, ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకూ తెలియదు. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్‌కు ఏమేం కావాలో కనుక్కోవాలి. బస్టాండ్‌లో తమ ఊరికి ఎన్ని గంటలకు బస్సుందో అడిగి రాసుకోవాలి. ఒక టీచర్ కనుచూపు దూరంలో ఉంటుంది, కానీ మాట్లాడదు. ప్రమాదం అనిపిస్తే తప్ప దగ్గరకు రాదు.

మొదటి జట్టు పోస్టాఫీసు గుమ్మం దగ్గరే పది నిమిషాలు నిలబడింది. ఒకళ్లను ఒకళ్లు ముందుకు తోసుకున్నారు. చివరికి ఒకమ్మాయి వెళ్లి, అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పినట్టు రెండు చేతులూ కట్టుకుని, "గుడ్ మార్నింగ్ సార్, ఖాతా ఫారం కావాలి సార్" అంది. ఆయన తలెత్తకుండానే ఇచ్చేశాడు. ఫారం పట్టుకుని బయటికొచ్చినప్పుడు ఆ నలుగురి ముఖాలు మీరు చూసి ఉండాల్సింది. తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక ఇంకో పాఠం కలిసింది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవడం. టికెట్ ఇవ్వడం మరిచిపోతే అడిగి తీసుకోవాలని కూడా చెప్తాం. డబ్బులు పోవుగదా అని ఊరుకునే పిల్ల రేపు ఇంకోచోట కూడా ఊరుకుంటుంది.

మీ ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని కూడా బయటి పనులు చూడటానికి పంపేందుకు అనుమతి అడగాలంటే మీకు ఒక ఆధారం ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా, వడ్రంగి, తోటపని, కుమ్మరి పని లాంటివి తెలిసిన స్థానికుల దగ్గర నేర్చుకోవాలని చెప్తోంది. మీ ప్లాన్‌లో ఆ మాట రాయండి. మండలంలో ఉన్న టైలరమ్మ, నర్సరీ నడిపే రైతు, ఎలక్ట్రీషియన్ మీకు చాలు.

ఇప్పుడు ఆ రెండు రోజుల క్యాంపు. అందరూ చెడ్డవాళ్లని నేను అనను, కొందరు ఆటలతో చాలా చక్కగా చెప్తారు. కానీ ఒప్పుకునే ముందు ఒకటి అడగండి. "తల్లిదండ్రుల త్యాగం" లాంటి సెషన్ ఉందా? మా దగ్గర ఒకసారి జరిగింది. హాల్లో లైట్లు ఆర్పి, వెనక బాధగా ఉండే సంగీతం పెట్టి, ఎండలో కూలి చేస్తున్న అమ్మను, చెమటోడుస్తున్న నాన్నను కళ్లు మూసుకుని తలుచుకోమన్నారు. 300 మంది పిల్లలు ఒక్కసారిగా ఏడ్చారు. ట్రైనర్‌గారు చాలా బాగా జరిగిందని చెప్పి ఐదు గంటలకు కారెక్కారు. రాత్రి మా పని మొదలైంది. అమ్మ చనిపోయిన పిల్లలున్నారు, నాన్న తాగి కొట్టే ఇళ్ల పిల్లలున్నారు, అమ్మ గల్ఫ్‌లో పనికి పోయి మూడేళ్లుగా చూడని పిల్లలున్నారు. రెండింటిదాకా నేను, కేర్‌టేకర్, స్టాఫ్ నర్స్ మంచం మంచానికీ తిరిగాం. అలాంటి సెషన్ ఉంటే తీసేయమనండి, వాళ్లు ఒప్పుకోకపోతే క్యాంపే వద్దనండి. ఏడిపించడం శిక్షణ కాదు. ఇంకో మాట కూడా అడగండి, నెల తర్వాత ఒకసారి మళ్లీ వచ్చి పిల్లలతో కూర్చుంటారా అని. వస్తామన్నవాళ్లను నమ్మవచ్చు.

పెద్ద పెద్ద కలలు కనమని చెప్పే ఉపన్యాసాల మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. అందరూ మాలావత్ పూర్ణ పేరు చెప్తారు, చెప్పాల్సిందే. మన సాంఘిక సంక్షేమ గురుకులం పిల్ల, 2014 మే 25న పద్నాలుగేళ్లు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. కానీ ఆ కథ చెప్పేటప్పుడు భువనగిరి గుట్ట దగ్గర తాడు పట్టుకుని నేర్చుకున్న మొదటి రోజుల్ని, తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో మంచులో తీసుకున్న శిక్షణను వదిలేస్తారు. ముందు చిన్న గుట్ట, తర్వాత ఇంకొంచెం పెద్దది, పక్కనే తాడు పట్టుకున్న కోచ్. మన సబ్బు నోటుబుక్కు, పోస్టాఫీసు ఫారం కూడా అలాంటి చిన్న గుట్టలే. పిల్లలకు పూర్ణ కథ చెప్పినప్పుడు గుట్ట నుంచే మొదలుపెట్టండి.

ఫలితం చూపించమని అడుగుతారు. ఫొటోలు, సర్టిఫికెట్లు పై ఆఫీసుకి పంపండి, అది తప్పదు. మీ కోసం మాత్రం ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఈ నెలలో ఎవరూ పిలవకుండా మీ దగ్గరకొచ్చి మాట్లాడిన పిల్లలెందరు, గొడవపడి వాళ్లే తేల్చుకున్న సందర్భాలెన్ని, "కాదు మేడమ్" అని మీ మాటకు మర్యాదగా అడ్డు చెప్పినవాళ్లెవరు. మూడోది పెరుగుతుంటే కొందరు స్టాఫ్‌కి నచ్చదు, పిల్లలకు నోరు పెరిగిందంటారు. అప్పుడు మీరు పిల్లల పక్కన నిలబడాలి.

ఒకేసారి అన్నీ పెట్టుకోకండి. ఈ నెల జట్లు చేసి నోటుబుక్కులు ఇవ్వండి. దసరా సెలవుల తర్వాత మెస్ కమిటీ. సంక్రాంతి దాటాక ఎనిమిదో తరగతికి రాబోయే పిల్లల్లోంచి అక్కల్ని ఎంచుకుని ఏప్రిల్‌లోపు ఆ నాలుగు సాయంత్రాల శిక్షణ పూర్తి చేయండి, జూన్‌లో చిన్నపిల్లలు ట్రంకు పెట్టెలతో దిగే రోజుకల్లా గేటు దగ్గర అక్కలుండాలి. అక్కల శిక్షణకు మేం వాడిన ప్రశ్నలు, తల్లిదండ్రుల అనుమతి లేఖ నమూనా నా దగ్గర చేతిరాతలో ఉన్నాయి. ఈ ఆదివారం కూర్చుని టైపు చేసి ఇక్కడే పెడతాను.